సొంత వాకిట ప్రచురణ

మా మిత్రులొకరు పదేండ్లకు పైగా ఒక సామాజిక వేదికపై తమ ప్రాంతపు సేద్యపు మాటలను సేకరించి వ్రాయుచు వచ్చిరి. మేడి, కాడి, నొగ, గొర్రు, గుంటక, దంతె: ఒక్కొక్క మాటకు ఒక చిన్న వ్యాసము, ఒక ఛాయాచిత్రము. చదివినవారు తమ యూరి మాటను క్రింద చేర్చెడివారు. ఒకనాటి ఉదయమున ఆ ఖాతా తెరచుకొనలేదు. నియమభంగము జరిగినదని ఒక్క వాక్యము మాత్రము కనిపించినది. ఏ నియమమో, ఏ వ్రాతయో తెలియలేదు. మొర వినుటకు మనిషి లేడు. వారు మా వద్దకు వచ్చి, "ఇన్నేండ్లూ అద్దె యింటి గోడమీద బొమ్మలు వేసినానండీ" అనిరి. నేటి ప్రసంగమునకు ఆ మాటయే కారణము.

గోడలు పోవుట క్రొత్త కాదు. ఆర్కుట్ అను వేదిక 2004 జనవరిలో పుట్టినది. మన దేశమునను బ్రెజిలులోను దానికి దొరికిన ఆదరణ మరెచ్చటను దొరకలేదు. 2014 సెప్టెంబరు 30న దానిని మూసిరి. నలుగురి వ్రాతలను ఒకచోట చేర్చి చదివించిన గూగుల్ రీడరు 2013 జూలై 1న, గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్ 2న మూతపడినవి. ఇందు నేరమేదియు లేదు. గిట్టని అంగడిని యజమాని కట్టివేయును. చిక్కెల్లయు, అంగడితోబాటు మన వ్రాతయు, దానిని చదువువారి చిరునామాలును పోవుటలో నున్నది. వ్రాతను మరల వ్రాయవచ్చును; చెదరిన చదువరులను మరల ఎక్కడ వెదకుదుము?

టపా సంగతి ఇట్లు కాదు. విజయవాడలో డబ్బాలో వేసిన ఉత్తరము జపానులోని గ్రామమునకు చేరును. రెండు టపాశాఖలును ఒకరి సొత్తు కావు. 1874లో బెర్న్ నగరమున కుదిరిన ఒడంబడిక వలన ఒకరి తపాలా బిళ్ళను మరియొకరు మన్నించుచున్నారు. ఈమెయిలును ఆ దారినే నడచినది. ఒక సంస్థ చిరునామా గలవారు మరియొక సంస్థ చిరునామాకు జంకు లేక వ్రాయుదురు. సామాజిక వేదికలు మాత్రము, తమ వీధిలోనివారు తమ వీధివారితోనే మాటలాడవలెనని గోడ కట్టినవి. ఇది యంత్రము విధించిన హద్దు కాదు, వ్యాపారము విధించినది.

ఈ గోడకు తలుపు పెట్టవలెనన్న యత్నములలో 2008లో మాంట్రియల్ వాసి ఇవాన్ ప్రొడ్రోము నెలకొల్పిన ఐడెంటికా మొదటి తరమునకు చెందినది. దాని సాఫ్ట్‌వేరును ఎవరైనను తీసికొని తమ యంత్రముమీద నడుపుకొనవచ్చునని ఆయన బహిరంగముగా నిచ్చెను. 2016లో జర్మనీలో ఓయ్గెన్ రోచ్కో అను యువకుడు మాస్టొడాన్‌ను వెలువరించెను. 2018 జనవరి 23న, ప్రపంచ వెబ్ ప్రమాణములను నిర్ణయించు డబ్ల్యుత్రీసీ సంస్థ 'యాక్టివిటీ పబ్' అను ఒడంబడికను ఆమోదించినది. టపాకు బెర్న్ ఎట్టిదో వీనికి ఇది యట్టిది.

దాని నడక కష్టమైనది కాదు. ప్రతి రచయితకును రెండు పెట్టెలుండును; ఒకటి వచ్చినవాని కొఱకు, ఒకటి పంపినవాని కొఱకు. చిరునామాలో రెండు భాగములు: మనిషి పేరు, అతడున్న సర్వరు పేరు. సర్వరును మేము నెలవు అందుము. ఒక నెలవులోని చదువరి మరియొక నెలవులోని రచయితను అనుసరింపగోరినచో, అతని నెలవు ఒక చీటిని రచయిత పెట్టెలో వేయును. రచయిత నెలవు సరేయని బదులు చీటి పంపును. ఆ తరువాత రచయిత వ్రాసిన ప్రతిదియు అనుసరించువారి పెట్టెలకు తానే చేరును. చీటి నిజముగా ఆ నెలవునుండియే వచ్చినదా యని చూచుటకు, దానిమీద కూటతాళపు సంతకముండును. లక్క ముద్ర వంటిదనుకొనుడు.

ఇంటివారు తెలిసికొనవలసిన రెండు సంగతులిచ్చట చెప్పవలెను. పంపిన వ్రాతను తుడిచివేయుమని కోరినచో ఆ కోరిక అన్ని నెలవులకును పోవును గాని, పాటించుట వారి వారి మర్యాద. రెండవది, ఇద్దరి మధ్య రహస్యమని వ్రాసిన దానిని మాస్టొడాన్ నెలవు నడుపువాడు తలచినచో చదువగలడు. కార్డుమీద వ్రాసినంత జాగ్రత్తతో వ్రాయుట మేలు.

ఈ పనిముట్ల సోర్సు కోడును దాచకుండుటకు కారణమున్నది. కొలిమిలో చేసిన కొడవలిని ఏ కమ్మరియైనను సాన పట్టగలడు. సీలు వేసిన పెట్టెను చేసినవాడే విప్పవలెను. మాస్టొడాన్ కోడు ఒక షరతుపై ఇయ్యబడినది: మార్చి నడుపువారు తమ మార్పులను వాడుకరులకు చూపవలెను. 2021లో అమెరికాలో డొనాల్డ్ ట్రంప్ పక్షమున ప్రకటింపబడిన ట్రూత్ సోషల్, ఈ కోడునే వాడుకొని ఆ సంగతి చెప్పలేదు. మాస్టొడాన్ వారు లేఖ వ్రాసిన పిమ్మట కోడును బయట పెట్టిరి. 2019లో గ్యాబ్ అను మరియొక వేదిక, ద్వేషపు వ్రాతలకు పేరుపడినది, ఇదే కోడును చేపట్టినది. ఇయ్యనని చెప్పు హక్కు చేసినవారికి లేదు. అయినను అనేక నెలవులు దానితో రాకపోకలు త్రెంచుకొనినవి. ఇది లోపమని కొందరందురు. ఊరిలో వెలి ఎట్టి దారుణముల కాస్పదమైనదో ఎరిగినవారము గనుక, త్రెంచు అధికారము మాకును కొంత వెరపు కలిగించును. కాని వేయి నెలవులు వేరువేరుగా తీర్పు చెప్పుట, ఒక్క కార్యాలయము అందరికిని తీర్పు చెప్పుటకంటె మేలని మా తలంపు.

మన దేశమున ఈ పేరు మారుమ్రోగినది 2019 నవంబరులో. సుప్రీంకోర్టు సీనియర్ న్యాయవాది సంజయ్ హెగ్డే గారి ఖాతాను ట్విట్టర్ నిలిపివేసినది. నాజీల కాలమున హాంబర్గులో జనులందరును చేయి చాచి వందనము చేయుచుండగా చేతులు కట్టుకొని నిలిచిన ఒక్క మనిషి చిత్రము వారి పుటపై నున్నది. అది ద్వేషచిహ్నమని యంత్రము తలచినది కాబోలు. వేలాది జనులు కినిసి మాస్టొడాన్‌కు తరలిరి. చాలమంది మరల వెనుకకు పోయిరి. పోవుటలో వింత లేదు: బంధుమిత్రులున్న వీధిలోనే కదా కాపురము! 2022 అక్టోబరులో ట్విట్టర్ చేతులు మారినపుడు వచ్చిన వెల్లువ దీనికంటె మిక్కిలి పెద్దది. ఆ వారములలో నెలవులు నడుపు స్వచ్ఛంద సేవకులు రాత్రులు మేలుకొని యంత్రములను పెంచుకొనవలసి వచ్చినది.

ఇక ప్రచురణ మాట. పొడుగైన వ్రాతలు వ్రాయువారికి మాస్టొడాన్ చాలదు. మామూలుగా 500 అక్షరముల హద్దున్నది. వారికి తగినది తమ సొంత వెబ్ పుటయే. వర్డ్‌ప్రెస్‌తో నడచు పుటకు యాక్టివిటీ పబ్‌ను జోడించు ఉపకరణమొకటి కలదు. 2023లో దానిని వర్డ్‌ప్రెస్ డాట్‌కామ్ నడుపు ఆటోమాటిక్ సంస్థ చేపట్టినది. దానిని అమర్చినచో పుట తానే ఒక ఖాతాయగును. చదువరి ఏ నెలవులోనున్నను అనుసరించును, అతని బదులు వ్యాసము క్రింద వచ్చి చేరును. చలనచిత్రములకు ఫ్రాన్సులోని ఫ్రామాసాఫ్ట్ వారి పీర్‌ట్యూబ్ ఉన్నది. మొదట తన వాకిట ప్రచురించి, పిమ్మట ప్రతులను ఇతర వేదికలకు పంపుట ఇందలి పద్ధతి. వేదిక మూసినను మూలము మిగులును.

తెలుగువారికి ఈ పనిలో ప్రత్యేకమైన చిక్కొకటి కలదు. 'స్త్రీ' యను దానిని మనము ఒక్క అక్షరమందుము. యూనికోడులో అది ఆరు సంకేతములు: స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారపు గుడి. సంకేతములను లెక్కించు పనిముట్టు తెలుగు రచయితకు చోటు తగ్గించును. గుణింతపు గుర్తు అక్షరము కాదనుకొని మాటను నడుమ విరుగగొట్టు పనిముట్లును ఉండెడివి. ఇట్టి సంయుక్తములను ఒక్క గుంపుగా నెంచవలెనన్న నియమము 2023 సెప్టెంబరులో యూనికోడు 15.1లో, తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపులకు చేరినది. సోర్సు కోడు తెరచియున్నపుడు, మన పిల్లలలో ఎవరో ఒకరు ఆ వరుసను వెదకి దిద్ది పంపగలరు. మూసిన వేదికకు అర్జీ పెట్టుకొని కూర్చుండవలెను.

కష్టములు దాచి ఈ మార్గమును పొగడుట మాకిష్టము లేదు. చిత్రములు పేరుకొనిన కొలది నిల్వకు ఖర్చు పెరుగును. దుర్భాషలను ఏరివేయుటకు మనిషి కావలెను, ఆ మనిషికి జీతముండదు. అలసిన నిర్వాహకుడు నెలవును మూసినచో, మాస్టొడాన్‌లో అనుసరించువారిని వేరొక నెలవునకు తోడ్కొని పోవచ్చును గాని పాత వ్రాతలు వెంట రావు. 2019లో ట్విట్టర్ సంస్థలోనే సంకల్పింపబడి తరువాత వేరుపడిన బ్లూస్కై, వ్రాతలతోబాటు ఖాతాను తరలించు పద్ధతిని రూపొందించినది. అయినను అందలి ఖాతాలలో అత్యధికము ఆ ఒక్క సంస్థ యంత్రములమీదనే యున్నవి. మాస్టొడాన్ వారు తమ సంస్థను ఏ ఒక్కరి సొత్తును కాకుండ లాభాపేక్ష లేని సంస్థకు అప్పగింతుమని 2025 జనవరిలో ప్రకటించిరి. ఆ యేడు నవంబరులో రోచ్కో అధిపతి పదవి వదలుకొనెను.

మా మిత్రులు, ఇంజనీరింగు చదువుచున్న మేనల్లుని సాయముతో సొంత పేరున ఒక పుట తీసికొని, దానికా ఉపకరణము నమర్చుకొనిరి. పేరు నిలుపుకొనుటకు ఏటేట రుసుము కట్టవలెను. మరచినచో పేరు పోవును. ఆ తేదీని వారు గోడ క్యాలెండరుపై ఎర్ర సిరాతో వ్రాసికొనిరి. నోటు పుస్తకములలో మిగిలిన వ్యాసములను మరల ఎక్కించుచున్నారు. చదువరులు చేర్చిన మాటలు మాత్రము తిరిగి రాలేదు. మొన్న జడ్డిగమును గురించిన వ్యాసము క్రింద, ఎక్కడి నెలవునుండియో ఒక పెద్దాయన, తమ యూరి జడ్డిగమునకు ఎన్ని కన్నములుండెడివో వ్రాసిరట. ఆ సంగతి చెప్పుటకు రాత్రి తొమ్మిది దాటినను మా యింటికి వచ్చిరి.