వీడియోలో మన ముఖం



స్టేట్ బ్యాంకు 2021 నవంబరులో వీడియో ద్వారా జీవన ప్రమాణపత్రం తీసుకోవడం మొదలుపెట్టింది. అవతలనున్న అధికారికి మన ముఖం స్పష్టంగా కనబడాలి. కనబడకపోతే మళ్ళీ బ్యాంకు మెట్లెక్కవలసిందే. మన మోకాళ్ళ సంగతి మీకు నేను చెప్పాలా!

ముఖం నల్లగా పడితే మన ఛాయ తప్పేమీ కాదు. కెమెరా తనకు కనబడే వెలుగంతటికీ సగటు కడుతుంది. వెనక సున్నం కొట్టిన గోడ, ఒంటిమీద తెల్లచొక్కా ఉంటే వెలుగు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. ఆ తగ్గింపు దెబ్బ చామనఛాయ ముఖంమీద పడుతుంది. వీపు వెనక కిటికీ ఉంటే మరీను.

కాబట్టి పగటిపూట కిటికీకి ఎదురుగా, ఎండ నేరుగా పడకుండా కూర్చోండి. నెత్తిమీది ట్యూబులైటు ఒక్కటే అయితే కళ్ళకింద గుంతలు పడతాయి. నీలమో, ఆకుపచ్చో చొక్కా వేసుకోండి. ఆడవాళ్ళకు చీరలకేం కొదవ! సెల్‌ఫోను కళ్ళ ఎత్తున పుస్తకాలకు ఆనించండి. కళ్ళజోడు మెరిస్తే తల కొంచెం వంచండి.

ముఖాన్ని తెల్లబరిచే సోకులు ఫోనులో ఉంటే మాత్రం ఆపేయండి. పాన్ కార్డులోని మనిషి మీరేనని ఆ అధికారి పోల్చుకోవాలి గదా! ఆ కార్డు, అసలుది, చేతికందేలా పెట్టుకోండి.