మంచుమీది వీరుల కంచు విగ్రహములు

హాకీ యనగానే మన శ్రోతలకు పచ్చిక మైదానము, వంకర కఱ్ఱ, ధ్యాన్ చంద్ గారి పేరు స్ఫురించుట సహజము. ఆయన ఆట చూచి విస్మితులైన వియన్నా నగరవాసులు ఆయనకు నాలుగు చేతులు, నాలుగు కఱ్ఱలు గల విగ్రహమును నిలిపిరని మన దేశమున ఒక కథ చిరకాలముగా చెప్పుకొనుచున్నారు. కథ ముచ్చటైనది, చిన్ననాట మేమును నమ్మితిమి. కాని ఆ విగ్రహమును వియన్నాలో చూపగలిగినవారు మాత్రము ఇంతవరకు లేరు.

నేటి ప్రసంగమునకు విషయము అట్టి ఊహా విగ్రహము కాదు. చేతితో తాకి చూడదగిన పదునాలుగు కంచు విగ్రహములు. అవి కెనడా దేశమునందలి టొరంటో నగరములో, మేపుల్ లీఫ్స్ అను హాకీ జట్టువారి క్రీడాశాల వెలుపల, బ్రెమ్నర్ వీథి ప్రక్కన వరుసగా నిలిచియున్నవి. అయితే వారి హాకీ వేరు, మన హాకీ వేరు. అక్కడ నేల గడ్డకట్టిన మంచు. ఆటగాండ్ర పాదరక్షలకు అడుగున ఉక్కు పట్టీలుండును. బంతికి బదులు గట్టి రబ్బరు బిళ్ళ. ఒక్కొక్క జట్టునకు ఒకే పర్యాయము మంచుపై నుండువారు ఆరుగురు. ఆరవవాడు గోల్ కీపరు. ఆటయొక్క వేగమునకు గోల్ కీపరు తప్ప తక్కినవారు సాధారణముగా నిమిషము మించి నిలువరు. కనుక నడుమ నడుమ వచ్చి బల్లపై కూర్చుండుట, మరల ప్రక్క గోడ దాటి మంచుమీదికి దుముకుట, ఇది ఆ ఆటకు ఊపిరివంటిది.

ఈ బల్లను గూర్చి ఇంతగా చెప్పుటకు కారణము కలదు. సాధారణముగా విగ్రహమనగా ఎత్తైన దిమ్మెను కట్టి దానిపై మనిషిని నిలుపుదురు. చూచువాడు తలయెత్తి చూచి తన దారిని పోవును. టొరంటోవారు అట్లు చేయలేదు. గ్రానైటు రాతితో ముప్పది అడుగుల పొడవున ఆటగాండ్ర బల్లను నిర్మించి, ఆ బల్లచెంతనే తమ వీరులను చేర్చిరి. అమెరికా శిల్పి ఎరిక్ బ్లోమ్ వాటిని మలచెను. 2014లో ముగ్గురితో ఈ వరుస ఆరంభమై, 2017 నాటికి పదునలుగురితో పూర్తియయ్యెను. మేము వానిని ఛాయాచిత్రములలో మాత్రమే చూచితిమి. చూచినప్పుడు కలిగిన భావము, వీరు సన్మానము స్వీకరించుటకు నిలిచినవారు కారు, తమ వంతు వచ్చినచో ఆటలోనికి దిగుటకు సిద్ధముగా నున్నవారు అని.

ఇందొక విచిత్రము గలదు. ఈ పదునలుగురిలో పన్నెండుగురు ఈ క్రీడాశాలలో సొంత జట్టు పక్షమున ఒక్క ఆటయైనను ఆడినవారు కారు. ఈ శాల తెరచినది 1999లో. మాట్స్ సుండిన్, వెండెల్ క్లార్క్ అను నిరువురు మాత్రమే ఇందు లీఫ్స్ తరపున ఆడిరి. తక్కినవారి కీర్తి యంతయు అంతకుముందున్న మేపుల్ లీఫ్ గార్డెన్స్ అను పాత శాలకు చెందినది. ఆ పాత శాల 1931 నవంబరు 12వ తేదీన తెరువబడెను. లోకమంతయు ఆర్థికమాంద్యముతో అల్లాడుచున్న దినములవి. పనివారు తమ కూలిలో కొంతభాగమును సంస్థయొక్క వాటాల రూపమున పుచ్చుకొనుటకు అంగీకరించి, సుమారు అయిదు మాసములలో ఆ భవనమును లేపిరి. నేడు అందులో క్రింది అంతస్తున ఒక పెద్ద కిరాణా దుకాణము నడచుచున్నది. ఒకనాడు మంచుకు నడిబిందువైన చోటును గుర్తుపెట్టుటకై ఆ దుకాణపు నేలపై ఎఱ్ఱని చుక్క నొకదానిని వేసిరి. సరకులు కొనుటకు వచ్చినవారు దానిని త్రొక్కుకొని పోవుచుందురు. వీరులు ఆడిన నేల ఒకచోట, వారి రూపములు మఱియొకచోట. విగ్రహములవలన కొత్త భవనమునకు పాత భవనముయొక్క పుణ్యము కొంత సంక్రమించుననియే యజమానులు తలచియుందురని మా అనుమానము. అది తప్పని మేమనము.

ఎవరికి విగ్రహము, ఎవరికి లేదు అను ప్రశ్న ఇట్టి సందర్భములలో తప్పక పుట్టును. వెండెల్ క్లార్క్ సంగతి చూడుడు. 2017లో ఆయనకు విగ్రహము పెట్టునప్పటికి హాకీ ఘనుల ప్రఖ్యాత మందిరమున ఆయనకు స్థానము లేదు. డగ్ గిల్మూర్ అను వానికి ఆ మందిరమున 2011లోనే స్థానము దొరకినది గాని, బల్లచెంత చోటు దొరకలేదు. మందిరము లెక్కలు చూచును. వీథి ప్రేమను చూచును. ఇక బిల్ బారిల్కో అను యువకుడు కలడు. 1951లో స్టాన్లీ కప్పును జట్టునకు తెచ్చిన గోలును అదనపు కాలములో కొట్టి, ఆ వేసవిలోనే విమానప్రమాదమున మాయమయ్యెను. ఆ విమాన శకలములు దొరకినది 1962లో. అతని అంకెను జట్టువారు మఱెవరికిని ఇయ్యక గౌరవించిరి గాని, విగ్రహము లేదు. పదునాలుగన్న సంఖ్య నెవరో ఒకచోట ఆపవలసినదే. ఆపిన ప్రతిచోటను ఒకడు బయట నిలువవలసినదే.

ఎన్నికైనవారిలో బహువిధములైనవారు కలరు. సిల్ ఆప్స్ 1936లో బెర్లిన్ ఒలింపిక్స్‌లో గెడతో ఎగిరి దూకిన వాడు. రెడ్ కెల్లీ హాకీ ఆడుచునే 1962 నుండి 1965 వరకు పార్లమెంటు సభ్యుడుగా నుండెను. మధ్యాహ్నము సభలో, రాత్రి మంచుమీద. స్టాన్లీ కప్పు ఆయనకు ఎనిమిది పర్యాయములు దక్కెను, నాలుగు డెట్రాయిట్‌తో, నాలుగు టొరంటోతో. గోల్ కీపరు టర్క్ బ్రోడా లావెక్కినాడని జట్టు యజమాని 1949లో ఆయనను ప్రక్కన కూర్చుండబెట్టి బరువు తగ్గుమని ఆజ్ఞాపించెను. పత్రికలు దానిని యుద్ధవార్తలవలె ప్రచురించినవి. మఱియొక గోల్ కీపరు జానీ బోవర్ ముప్పదిమూడేండ్ల వయసున, అనగా అన్యులు ఆట విడుచు ఈడున, ఈ జట్టున చేరి నాలుగు కప్పులు గెలుచుకొనెను. ముఖమునకు తొడుగైనను లేకయే ఆయన చాల ఏండ్లు ఆడెను. తన విగ్రహమును తానే చూచుకొనునప్పటికి ఆయనకు ఎనుబదితొమ్మిదేండ్లు. 2017 డిసెంబరులో మరణించెను.

మాకు అన్నిటికంటె ఆసక్తి కలిగించినది డేవ్ కియాన్ విగ్రహము. ఈయన 1960లో జట్టున చేరి పదునైదేండ్లు ఆడెను. పొట్టివాడు, శరీరబలమును నమ్ముకొనక చురుకుతనమునే నమ్ముకొన్నవాడు. నాలుగు కప్పుల విజయములలో ఉండెను. 1967 నాటి పోటీలలో అత్యుత్తముడని బహుమానము పొందెను. ఆ 1967 విజయమే టొరంటోకు కడపటిది. 2025 వరకును ఆ కప్పు మరల వారి ఇంటికి రాలేదు. కియాన్ 1969లో కెప్టెనయ్యెను. 1975లో యజమాని హెరాల్డ్ బల్లార్డ్‌కు, ఆయనకు జీతపు ఒప్పందముమీద వైరము పుట్టెను. నీ దారి నీవు చూచుకొమ్మని యజమాని చెప్పెను. కాని కియాన్‌ను తీసుకొను జట్టు తనకు చెల్లింపవలసిన పరిహారమును ఎంత హెచ్చుగా కోరెననగా, ఆ లీగులోని ఏ జట్టును ముందుకు రాలేకపోయెను. కియాన్ మఱియొక లీగునకు పోవలసివచ్చెను.

అంతటితో ఆయన వెనుదిరిగి చూడలేదు. బల్లార్డ్ 1990లో మరణించెను. ఆ పిమ్మట యజమానులు మారిరి, భవనము మారెను. కియాన్ మాత్రము దూరముగానే ఉండెను. పాతవారిని పిలిచి పూలదండలు వేయు సభలకు రాలేదు. ఆ జట్టువారు ఆ రోజులలో ఘనుల అంకెలను గౌరవించుచునే వాటిని కొత్త ఆటగాండ్రకు ఇచ్చుచుండిరి. ఆ పద్ధతి ఆయనకు రుచింపలేదు. అంకె ఒక మనిషిదైనచో ఆ మనిషికే ఉండవలెనని ఆయన వాదము. 2007లో నాటి విజేతల నలుబదియవ వార్షికోత్సవమునకు ఆయన వచ్చినప్పుడు ప్రేక్షకులు లేచి నిలిచి చేసిన హర్షధ్వానమును గూర్చి నేటికిని చెప్పుకొందురు. అయినను గాయము పూర్తిగా మానలేదు. 2016లో, జట్టు నూఱవ సంవత్సర సమయమున, మూడు పనులు జరిగినవి. జట్టు చరిత్రలో నూఱుగురు శ్రేష్ఠులను ఎంచి మొదటి స్థానమును కియాన్‌కు ఇచ్చిరి. ఆయన విగ్రహమును బల్లచెంత చేర్చిరి. ఆయనది మొదలుగా పదునేడుగురు ఘనుల అంకెలను ఇక ఎవరికిని ఇయ్యక శాశ్వతముగా విరమింపజేసిరి. కియాన్ వచ్చెను.

ఈ కథలో ఎవరు ఎవరికి లొంగినట్లు? మా దృష్టిలో లొంగినది సంస్థయే. నలుబదియేండ్లు ఒక మనిషి మౌనముగా రాకుండుట వలన ఆ సంస్థ తన ఆచారమునే మార్చుకొన్నది. కంచు విగ్రహము అక్కడ బహుమానము కాదు, క్షమాపణ పత్రము. మనిషి బ్రదికియుండగనే ఆ పత్రము అందుట కియాన్ అదృష్టము. టిమ్ హార్టన్ సంగతి అట్లు కాదు. ఆయన 1974లో, ఇతర జట్టున ఆడుచు, రాత్రివేళ కారు ప్రమాదమున మరణించెను. ఆయన పేరుగల కాఫీ దుకాణములు కెనడా అంతట కలవు. వానిలో కాఫీ త్రాగు చిన్నవారెందఱకో అది ఒక హాకీ ఆటగాని పేరని తోచనే తోచదేమో. అట్టివారికి ఆ విగ్రహము ఒక సమాధానము.

డారిల్ సిట్లర్‌కును అదే యజమానితో కలతలు తప్పలేదు. 1976 ఫిబ్రవరి 7న బోస్టన్‌పై ఒకే ఆటలో ఆరు గోలులు కొట్టి, మఱి నాలుగింటికి తోడ్పడి, పది పాయింట్లు గడించిన ఘనుడాయన. ఆ రికార్డును నేటివరకు ఎవరును దాటలేదు. 1979 డిసెంబరులో తన ప్రియమిత్రుని మఱియొక జట్టునకు పంపివేసిరన్న కోపమున చొక్కాపై కెప్టెను గుర్తును తానే ఊడదీసెను. 1982లో తానును జట్టు విడిచెను.

ఈ సిట్లర్ ప్రక్కన తొమ్మిదేండ్లు ఆడినవాడు బోర్యే సాల్మింగ్, స్వీడను దేశస్థుడు. 1973లో ఆయన వచ్చినప్పుడు, ఐరోపావారు దెబ్బలకు నిలువలేని పిరికివారని అమెరికాఖండపు ఆటగాండ్ర అభిప్రాయము. ప్రత్యర్థులు ఆయనను కొట్టిరి, గ్రుద్దిరి, ఎగతాళి చేసిరి. ఆయన నిలిచెను. 1976లో స్వీడను జట్టు చొక్కా తొడిగికొని టొరంటోలోనే అంతర్జాతీయ పోటీకి వచ్చినప్పుడు, పరాయి జట్టువాడని చూడక ఆ నగర ప్రేక్షకులు లేచి నిలిచి కరతాళధ్వనులు చేసిరి. ఆయన విగ్రహము 2015లో వెలసినది.

2022లో సాల్మింగ్‌కు కండరములను క్రమముగా చచ్చుపఱచు వ్యాధి సోకినట్లు వెల్లడియయ్యెను. ఆ నవంబరులో ఆయనను టొరంటోకు తీసికొనివచ్చిరి. నోట మాట లేదు. వేలకొలది జనులు నిలుచుండి కేకలు వేయుచుండగా, చేయి యెత్తి నమస్కరించుటకు ఆయనకు శక్తి చాలలేదు. ప్రక్కనున్న సిట్లర్ ఆ చేతిని పట్టి పైకెత్తెను. అది జరిగిన రెండు వారములలోపల, నవంబరు 24న, సాల్మింగ్ స్వదేశమున కన్నుమూసెను. టొరంటోలోని అభిమానులకు సమాధి దగ్గఱలో లేదు. బల్లచెంత నున్న కంచు మనిషి పాదములచెంత పూలు పెట్టిరి.

ముగించుటకు ముందు మా వృత్తికి సంబంధించిన మాట యొకటి. ఈ వీరులలో పలువురిని దేశము కండ్లతో చూచుటకు ముందు చెవులతో విన్నది. టెడ్ కెన్నెడీ ఎంతటి ఆటగాడో మారుమూల గ్రామములవారికి తెలిపినది ఫాస్టర్ హ్యూయిట్ అను రేడియో వ్యాఖ్యాత. శనివారము రాత్రులు దేశమంతయు ఆయన గొంతు కొఱకు వేచియుండెడిది. పాత శాలలో మంచునకు ఏబదియాఱడుగుల ఎత్తున, పైకప్పు నుండి వ్రేలాడదీసిన ఒక గూటివంటి గది ఆయన ఆసనము. అక్కడికి పోవు సన్నని వంతెనపై నడచుటకు అతిథులు భయపడెడివారట. 1979లో అదే యజమాని, బల్లార్డ్, ఆ గూటిని ఊడబెఱికించి కొలిమికి పంపెను. హ్యూయిట్ అప్పటికి జీవించియే యుండెను, మరణించినది 1985లో.

ఆ గూటి బొమ్మ యొకటి మా వద్ద కలదు. చూచినప్పుడెల్ల అందులో మైకుముందు వంగి కూర్చున్న ఆ మనిషి రూపమునకే మా కన్ను ముందుగా పోవును.