రక్తపరీక్ష కాగితాల్లో లివరు లెక్క
(సభలో చేసిన ప్రసంగ పాఠం)

నేను డాక్టరును కాను. సర్వీసంతా అకౌంట్సు సెక్షనులో అంకెలు కూడినవాణ్ణి. కనుక లెక్క వరకే చెబుతాను.

హెపటైటిస్ బి, సి వైరస్‌లు లివరులో ఇరవై ముప్పై ఏళ్ళు చడీచప్పుడూ లేకుండా ఉండగలవు. కళ్ళు పచ్చబడలేదు కనుక లివరు బాగుందనుకోవటం సరికాదు. మన దేశంలో దాతల రక్తానికి సి వైరస్ పరీక్ష తప్పనిసరి అయింది 2001లో. అంతకు ముందు ఆపరేషనుకో, కాన్పుకో రక్తం ఎక్కించుకున్నవారు మనలో చాలామంది ఉంటారు. వారు ఒకసారి వైరస్ పరీక్ష చేయించుకోవాలి.

వైరస్ ఉందని తేలితే, లివరు ఎంత పాడైందన్నది తర్వాతి ప్రశ్న. పూర్వం సూదితో ముక్క తీసి చూసేవారు. ఇప్పుడు తొలి అంచనాకు మామూలు పరీక్షల అంకెలు పనికివస్తున్నాయి. ఫిబ్-4 అనే లెక్క 2006లో వచ్చింది. వయస్సును ఎస్.జి.ఓ.టి.తో గుణించండి. ప్లేట్‌లెట్లను వేలల్లో వేసుకుని, ఎస్.జి.పి.టి. వర్గమూలంతో గుణించండి. మొదటిదాన్ని రెండవదానితో భాగించండి. సి వైరస్ ఉన్నవారికి 1.45 లోపు వస్తే లివరు బాగా గట్టిపడి ఉండే అవకాశం తక్కువ, 3.25 దాటితే ఎక్కువ. మధ్యలో ఉంటే ఎటూ తేలదు. బి వైరస్‌కు ఈ లెక్క అంత నమ్మకమైనది కాదు.

నాతో పనిచేసిన ఒక మిత్రుడి అంకెలు చూడండి. వయస్సు 70, ఎస్.జి.ఓ.టి. 44, ఎస్.జి.పి.టి. 36, ప్లేట్‌లెట్లు 1,20,000. 3080ని 720తో భాగిస్తే సుమారు 4.28. ఎస్.జి.పి.టి. నార్మల్ కనుక ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. అసలు సంగతి ప్లేట్‌లెట్లలో ఉంది. అంతకు ముందు రిపోర్టుల్లో 1,90,000, తర్వాత 1,50,000. లివరు గట్టిపడితే ప్లీహం ఉబ్బి ప్లేట్‌లెట్లను పట్టి ఉంచుతుంది. ఆ పాత రిపోర్టులేమో మెడికల్ బిల్లులతో పాటు ఆఫీసుకు వెళ్ళిపోయాయి. పక్కపక్కన పెట్టి చూసినవారు లేరు.

అలాగని కంగారుపడవద్దు. 65 దాటినవారికి వయస్సు వల్లనే అంకె పెరుగుతుంది. డెంగ్యూ జ్వరంలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి, అప్పుడు ఈ లెక్క వేయకూడదు. అంకె ఎక్కువ వస్తే డాక్టరుగారు ఫైబ్రోస్కాన్ వంటివి చేయించి నిర్ధారిస్తారు.

2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వ కేంద్రాల్లో బి, సి పరీక్షలు, మందులు ఉచితం. సి వైరస్ చాలామందికి 12 వారాల మాత్రలతో పోతుంది. మా మిత్రుడికీ పోయింది. కానీ లివరు అప్పటికే గట్టిపడినందున క్యాన్సరు కనిపెట్టటానికి ఆరు నెలలకోసారి స్కానింగు తప్పటంలేదు.

బిల్లు పెట్టేముందు ప్రతి రిపోర్టూ జిరాక్సు తీయించి, తేదీ వారీగా ఫైలు చేయండి. భోజనాల తర్వాత నేను వరండాలో కాల్‌క్యులేటరుతో కూర్చుంటాను, వైరస్ ఉందని తేలినవారు రిపోర్టులు తీసుకురావచ్చు.