పాత రేకు పిల్లనగ్రోవి దొరికిందా? ఊదకముందే చూడండి!

మాది నూజివీడు. మా ఊరంటే మామిడికాయలు, వీణలే గుర్తొస్తాయి కదా? ఈరోజు మాత్రం చవక వాయిద్యం: టిన్ విజిల్, అంటే రేకు పిల్లనగ్రోవి. అటక మీదో, పాత సామాన్ల కొట్లోనో దొరికితే ఏం చూడాలో చెప్తాను.

ఒకటి, అయస్కాంతం పెట్టండి. అంటుకుంటే ఇనుప రేకు. లేదంటే ఇత్తడి అయ్యుండొచ్చు.

రెండు, ఆకారం. కిందికి పోయేకొద్దీ సన్నబడుతూ, వెనక రేకు అతుకు, నోటి దగ్గర చెక్క బిరడా ఉంటే అది క్లార్క్ రకం. 1843లో ఇంగ్లండ్‌లో రాబర్ట్ క్లార్క్ మొదలుపెట్టాడు. దాని మీద పేరు లేకపోతే మాత్రం అసలుదని నమ్మి ఎక్కువ డబ్బులు పెట్టకండి.

మూడోది చాలా ముఖ్యం: నోరు పెట్టే చోటు. పాతవాటిలో కొన్నింటికి అక్కడ సీసం ఉండేది. బరువుగా, బూడిద రంగులో, గోటితో గీస్తే గీత పడేంత మెత్తగా ఉంటే అనుమానించాల్సిందే. సీసం పిల్లల మెదడుకి చేటు. ఊదొద్దు, పిల్లలకి ఇవ్వొద్దు, ముట్టుకుంటే చేతులు కడుక్కోండి. పాత రంగు పెచ్చులూడుతున్నా అంతే.

ప్లాస్టిక్ మూతి ఉందా? సబ్బునీళ్లతో కడిగేసి హాయిగా వాయించుకోండి. ఆరు రంధ్రాలే కాబట్టి త్వరగానే పట్టుబడుతుంది. ఉంటాను మరి!