చీనా పత్రికలు – అమెరికాతోడి మైత్రి



మా యూరి రచ్చబండపై ప్రతిదినము ప్రొద్దుట పత్రికాపఠనము జరుగును. కన్నులు మసకగ్రమ్మిన పెద్దలకు నేను చదివి వినిపింతును. మొన్న నొకనాడు చీనా పత్రిక యొకటి అమెరికాను తీవ్రముగా హెచ్చరించినదను వార్తను చదువగా, నాకంటె పదియేండ్లు పెద్దయైన యొక రైతు, "పంతులుగారూ, ఇక యుద్ధము తప్పదా యేమి?" అని యడిగెను. ఆయన మనుమడు అమెరికాలో చదువుకొనుచున్నాడు. తాతగారి మొగము చూచి తొందరపడి బదులు చెప్పుటకు నాకు నోరు రాలేదు. ఆనాడు చెప్పలేకపోయిన బదులే నేటి నా ప్రసంగము.

మొట్టమొదట గ్రహింపవలసినది, చీనాలో పత్రిక యనగా మన మెఱిగినవంటిది కాదు. మనదేశమున ఒక పత్రిక ప్రభుత్వమును పొగడును, వేరొకటి తెగడును. రెంటిని చదివి మనము మన తీర్పు చేసికొందుము. చీనాలో ప్రధానమైన పత్రిక 'పీపుల్స్ డెయిలీ', అనగా ప్రజాదినపత్రిక. 1948లో పుట్టిన యీ పత్రిక పాలించు కమ్యూనిస్టు పక్షపు కేంద్రసంఘమువారిది. 2016 ఫిబ్రవరిలో అధ్యక్షుడు షీ జిన్‌పింగ్ ఆ పత్రికాకార్యాలయమునకు స్వయముగా వెళ్లి, పక్షమును ప్రభుత్వమును నడపు పత్రికలకు పక్షమే యింటిపేరు కావలెనని చెప్పెను. ఇంటిపేరను మాట ఆయన వాడినదే. నేను కల్పించినది కాదు.

కావున అమెరికానుగూర్చి ఆ పత్రిక వ్రాసినది చీనా ప్రజల యభిప్రాయమనుకొనుట పొరపాటు. నూటనలువది కోట్లమంది మనసులలో ఏమున్నదో యందు కానరాదు. ఏలినవారు లోకమునకు వినిపింపదలచిన మాట యది. అట్లని దానిని వట్టి ప్రచారమని త్రోసిపుచ్చుట యింకను పెద్ద పొరపాటు. దానివలన ఎంత నష్టము కలిగినదో ముందు మనవి చేసెదను.

సాహిత్యము చదివినవారికి ధ్వని యను మాట తెలిసినదే. వాచ్యార్థము తెలిసిన పిమ్మట గంట మ్రోగి యాగిన తరువాతి నాదమువలె వేరొక యర్థము తోచునని ఆలంకారికులు చెప్పుదురు. చిత్రమేమన, ప్రజాదినపత్రికలో విదేశవ్యవహారములపై వ్యాసములు వ్రాయు నొక కలంపేరు 'జోంగ్ షెంగ్'. దాని యర్థము గంటానాదము. చీనా భాషలో అదే యుచ్చారణ చీనావారి కంఠస్వరమనియు స్ఫురింపజేయును. ఒక మనిషి పేరు కాదది, సంపాదకవర్గపు ముద్ర. సంపాదకీయమునకు ఒక తూకము, వ్యాఖ్యాత పేర వచ్చు వ్యాసమునకు కొంత తక్కువ తూకము, కలంపేరి వ్యాసమునకు వేరొక తూకము కలవు. ఏ పుటలో, ఎవరి ముద్రతో వచ్చినదో చూడక మాటల వేడిని మాత్రము చూచువాడు సగమే చదివినవాడు.

ఇక 1950వ సంవత్సరపు మాట. కొరియాలో యుద్ధము సాగుచుండెను. అమెరికా సేనలు ఉత్తరమునకు నడచుచుండెను. సెప్టెంబరు 30వ తేదీన ప్రధాని చౌ ఎన్‌లై పొరుగుదేశముపై దండెత్తుచుండగా చీనా చూచుచు నూరకుండదని ప్రసంగించెను. పత్రిక దానిని ప్రకటించెను. అంతతో నాగక, అక్టోబరు 3వ తేదీ యింకను తెల్లవారకముందే, నిద్రించుచున్న మన రాయబారి కె. ఎం. పణిక్కరుగారిని లేపి పిలిపించి, అమెరికా సేనలు 38వ అక్షాంశరేఖను దాటినచో చీనా యుద్ధమున దిగునని ఆయన ముఖముగా చెప్పెను. మన ప్రభుత్వము ఆ మాటను చేరవేసినది. అమెరికావారు అది వట్టి బెదరింపనుకొనిరి. పణిక్కరుగారు చీనా పక్షపాతియని చెప్పుకొనిరి. మొరుగు కుక్క కరవదని మన సామెత యున్నది కదా, అట్టిదే వారి యాలోచన. అక్టోబరు 19వ తేదీన చీనా సైనికులు యాలూ నదిని దాటిరి. ఆ యుద్ధము 1953 జూలై 27వ తేదీ వరకు నడచి లక్షల ప్రాణములను బలిగొన్నది.

ఇది కఠినవాక్యమును నమ్మనందున కలిగిన కీడు. మెత్తని మాటను గుర్తింపకపోయిన కథ వేరొకటి కలదు. 1969 జనవరిలో నిక్సను అమెరికా అధ్యక్షుడై ప్రమాణస్వీకార ప్రసంగము చేసెను. ప్రజాదినపత్రిక అతనిని దుమ్మెత్తిపోయుచు ఒక వ్యాసము వ్రాసెను. కాని దానితోపాటు శత్రువు ప్రసంగమును ఒక్క ముక్క విడువక పూర్తిగా నచ్చువేసెను. అది మావో యానతి. తిట్టవలెనన్న రెండు వాక్యములు చాలును కదా, మొత్తము ప్రసంగమేల? పై సంవత్సరము 1970 డిసెంబరు 25వ తేదీన ఆ పత్రిక మొదటి పుటలో ఒక ఛాయాచిత్రము వెలువడెను. అక్టోబరు 1వ తేదీన జరిగిన జాతీయోత్సవమున తియెనాన్మెన్ ద్వారముపై మావో ప్రక్కన ఎడ్గార్ స్నో అను అమెరికా పాత్రికేయుడు నిలిచియున్న చిత్రమది. దాదాపు మూడునెలలు దాచి ప్రకటించిరి. అమెరికావానిని ప్రక్కన నిలుపుకొన్నాను, తలుపు తీసియున్నదని మావో చెప్పకయే చెప్పెను. కాని వాషింగ్టనులో దానిని చదువగలిగినవాడు లేకపోయెను. తాము గ్రహింపలేకపోతిమని కిసింజరు పిమ్మట తన జ్ఞాపకములలో ఒప్పుకొనెను. 1972 ఫిబ్రవరి 21వ తేదీన నిక్సను పీకింగులో దిగెను. స్నో అంతకు ఆరు దినములు ముందు కన్నుమూసెను. పరిపూర్ణమైన దౌత్యసంబంధము 1979 జనవరి 1వ తేదీనగాని యేర్పడలేదు.

నా వయసువారి తండ్రులకు ఈ విద్య తెలియక కలిగిన దుఃఖము నేటికిని జ్ఞాపకమే. 1962 సెప్టెంబరు 22వ తేదీన ప్రజాదినపత్రిక మనదేశముపై వ్రాసిన సంపాదకీయమునకు, ఓర్పు హద్దు దాటినదని యర్థమిచ్చు కన్ఫ్యూషియసు పలుకును శీర్షికగా నుంచెను. మన పురాణవాక్యములవలెనే అక్కడి ప్రాచీనవాక్యములు విన్నవారి గుండెలో మ్రోగును. నెల తిరుగకముందే, అక్టోబరు 20వ తేదీన, సరిహద్దున తుపాకులు ప్రేలినవి.

అట్టిదే యింకొక పలుకుబడి కలదు. మన పల్లెలలో తగవు ముదిరినపుడు, "ముందు చెప్పలేదనకు సుమా" యందురు. చీనాలోను అట్టి మాటయే యున్నది. 2019 మే 29వ తేదీన ప్రజాదినపత్రిక దానిని అమెరికాపై ప్రయోగించెను. చూచినవారు అప్పుడు యుద్ధమనుకొనిరి. కాని ఆ వ్యాసము తుపాకులను గూర్చినది కాదు. మోటారులకును విమానములకును కావలసిన అరుదైన ఖనిజములను గూర్చినది. ఆరేండ్లకు, 2025 ఏప్రిల్ 4వ తేదీన, చీనా అట్టి ఖనిజములలో ఏడింటి యెగుమతికి కళ్లెము వేసెను. అమెరికాలో కారుల కర్మాగారములవారు కలవరపడిరి. ఆ యేడే అక్టోబరు 30వ తేదీన ఇరుదేశముల యధ్యక్షులు కొరియాలోని బూసానులో కలిసికొనిరి.

స్వరము మాఱుటయు నట్లే. 2023 ఫిబ్రవరిలో చీనా బెలూను నొకదానిని అమెరికా కూల్చినపుడు ఆ పత్రికలలో నిప్పులు కురిసెను. నవంబరులో షీ, బైడెను శాన్ ఫ్రాన్సిస్కో చెంత కలిసికొను సమయము రాగా, అవే పత్రికలు జపానుతోడి యుద్ధకాలమున చీనాకు సాయపడిన అమెరికా విమానవీరులను తలచి మురిసిపోయెను. చదువరి యొక్క రాత్రిలో తన కోపమును ఎచట దాచుకొనెనో నాకు తెలియదు!

నాకు నిజముగా భయము కలిగించునది తిట్లు కాదు. 2020లో అమెరికా చీనా ప్రభుత్వపత్రికల యుద్యోగుల సంఖ్యను నూటికి తగ్గించెను. చీనా మూడు గొప్ప అమెరికా పత్రికల విలేకరులను వెడలగొట్టెను. 2021 నవంబరులో వీసాలవిషయమున కొంత సర్దుబాటు జరిగినది గాని, ఒకరి యూరిలో కూర్చుండి ఒకరి మాటను విని వ్రాయువారు తరిగిపోయిరి. స్నోవంటివాడు నిలుచుటకు ఆ ద్వారముపై చోటేది?

ఆ రైతును మరునాడు కలిసి వార్తను మరల విప్పి చూచితిని. అది ప్రజాదినపత్రిక సంపాదకీయము కాదు, గంటానాదమును కాదు; దాని యాధీనమున 1993లో వెలసి, తల్లికంటె బిగ్గరగా నరచుటకు పేరువడిన 'గ్లోబల్ టైమ్స్' వ్యాసము. ఆ సంగతి చెప్పగా ఆయన, "అయితే పెద్దగంట మ్రోగలేదన్నమాట. మ్రోగిననాడు నాకు చెప్పుడు, పిల్లవానికి ఫోను చేసెదను" అనెను. అప్పటినుండి ప్రతిదినము ఆ పత్రిక పేరుతో వచ్చిన వార్తలను మా రచ్చబండపై వేరుగా చదువుచున్నాము.

నాకిచ్చిన కాలము ముగిసినది. సెలవు.