సెలవు రోజు తగ్గే ఆయాసం

ఏక్‌బాల్‌పూర్‌లో ఒక భవనంలో పదకొండేళ్లు మరుగుదొడ్లు కడిగాను. మొండి మరకలకు బ్లీచింగ్ పౌడర్, యాసిడ్ కలిపి పోయమనేవాడు సూపర్‌వైజర్. రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ పుడుతుందని ఎవరూ చెప్పలేదు. మాస్కు అడిగితే, “మీవాళ్లకు అలవాటేగా” అన్నాడు.

రాత్రంతా దగ్గు, పిల్లికూతలు. బీడీ మానమన్నాడు డాక్టరు, నేనెప్పుడూ ముట్టలేదు! ఆదివారం ఇంట్లో ఉంటే ఊపిరాడేది, సోమవారం మళ్లీ మొదలు. అక్కలారా, గుర్తుపట్టాల్సింది అదే. ఏ రోజు ఎక్కువ, ఏ రోజు తక్కువ రాసిపెట్టి చూపించండి.

పనివల్ల వచ్చే ఆస్తమా నష్టపరిహారం దక్కే జబ్బుల జాబితాలోకి ఎప్పుడో ఎక్కింది. కాగితంలో పని పేరు లేకపోతే అదేం అక్కరకొస్తుంది? నా చీటీలో ‘గృహిణి’ అని ఉంది. రేపు వెళ్లి మార్పిస్తున్నాను.