రంగు ముందా, గొట్టం ముందా?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



“అమెరికాలో ఏం చేశావో పది నిమిషాలు చెప్పు” అన్నారు కార్యదర్శి గారు. ఉద్యోగం సంగతి చెబితే భోజనాల ముందే మీరు నిద్రపోతారు. అందుకని నా పాత బండి కథ చెబుతాను. ఇందులో మా సైన్సు మాస్టారికి నేను చెప్పుకోవాల్సిన క్షమాపణ కూడా ఉంది. వారు ముందు వరసలోనే కూర్చున్నారు.

నేనుండేది టెక్సాస్‌లో. ఏడేళ్ళ కిందట ఒక రైతు కొట్టంలో 1951 నాటి షెవర్లే 3100 పికప్ కనబడింది. పికప్ అంటే మన దగ్గర కూరగాయల బుట్టలు, పాల క్యాన్లు వేసుకెళ్ళే చిన్న ట్రాలీ బండి లాంటిదే. ముందు అద్దం రెండు ముక్కలు. బ్యాటరీ 6 వోల్టులు. తాళం తిప్పితే చాలదు, కాలితో మీట తొక్కితేనే స్టార్టరు తిరుగుతుంది. పెట్రోలు ట్యాంకు సీటు వెనక, క్యాబిన్ లోపలే. వెనక తొట్టి అడుగున చెక్క పలకలు. సీటు బెల్టులు లేవు. ఇంటికి తెచ్చిన రోజు మా ఆవిడ చుట్టూ ఒకసారి తిరిగి చూసి, “దీన్ని కాటాకి వేస్తే ఎంతొస్తుందండీ?” అంది.

మూడేళ్ళపాటు ప్రతి శనివారం నేను, మా అమ్మాయి ఆ బండి కిందే ఉన్నాం. పట్టేసిన బోల్టులకు నూనె పోసి వారం ఆగడం, ఊడదీసిన ప్రతి ముక్కకీ చీటీ కట్టడం, తుప్పు తినేసిన నేల రేకు కోసి కొత్తది వెల్డింగ్ చేయడం. పాత 216 ఇంజను బాగుచేయించడం కష్టమని తేలింది. దాని కనెక్టింగ్ రాడ్లకు బేరింగులు విడిగా ఉండవు. మెత్తటి లోహాన్ని కరిగించి రాడ్డులోనే పోత పోయాలి. ఆ పని తెలిసినవాళ్ళు ఇప్పుడు తక్కువ. అందుకే చాలామంది చేసినట్టే మేమూ అదే కంపెనీ తర్వాతి 235 ఇంజను దించాం.

రంగు దగ్గర మా ఇద్దరికీ పేచీ వచ్చింది. కంపెనీ నాటి ముదురాకుపచ్చే ఉండాలని నేను, నల్లరంగు వేద్దామని తను. చివరికి నేనే గెలిచాను. బండి మెరిసిపోయింది. వీధిలోవాళ్ళు వచ్చి ఫొటోలు దిగారు.

మర్నాడు అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరాను. రెండో మలుపు దగ్గర బ్రేకు తొక్కితే పెడల్ నేలకి ఆనిపోయింది. మళ్ళీ తొక్కాను. ఏమీ లేదు. గేరు తగ్గించి హ్యాండ్‌బ్రేకు లాగాను. దానికి ఆయిలుతో పనిలేదు, తీగతో వెనక చక్రాలను పట్టుకుంటుంది. బండి ఫుట్‌పాత్ ఎక్కి గడ్డిలో ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ ఫుట్‌పాత్ మీద పిల్లలెవరైనా ఉండుంటే ఈరోజు నేనీ మైకు ముందు నిలబడేవాణ్ణి కాదు.

బండి కిందికి దూరి చూస్తే వెనక చక్రాలకు వెళ్ళే బ్రేకు గొట్టం చిట్లి కారుతోంది. నాలుగు చక్రాల దగ్గరా సిలిండర్లు మార్చిన నేను, ఆ ఒక్క గొట్టం పైకి బాగానే ఉందని వదిలేశాను. రంగు వేసే అతను ఇచ్చిన తేదీ దాటిపోతుందని తొందర. బ్రేకు ఆయిలు గాల్లో తేమను పీల్చుకుంటుంది. ఆ తేమకి గొట్టం లోపలినుంచి తుప్పు పట్టింది. అమ్మాయి అడిగింది: “నాన్నా, గొట్టాలన్నీ మార్చేశానన్నావు కదా?”

అన్నాను. అది అబద్ధం.

ఆ రాత్రి మన తొమ్మిదో తరగతి గది గుర్తొచ్చింది. మాస్టారు చిన్నదీ పెద్దదీ రెండు సిరంజిలు తెచ్చి, మధ్య గొట్టం పెట్టి, నీళ్ళు నింపి పాస్కల్ నియమం చూపించారు. చిన్నదాన్ని నొక్కితే పెద్దది లేచింది. తర్వాత గొట్టంలోకి కావాలనే గాలి బుడగ ఎక్కించి మళ్ళీ నొక్కమన్నారు. గాలి నలిగిందే గానీ అవతల సిరంజి సరిగ్గా కదల్లేదు. “ఎందుకో రాసుకు రండిరా” అన్నారు. నేను పక్కవాడి నోటు చూసి రాశాను. మార్కులు పడ్డాయి. మాస్టారూ, అది ఇన్నాళ్ళకి ఒప్పుకుంటున్నాను.

ఆ బండిలో నాలుగు చక్రాలకూ ఒకటే ఆయిలు దారి. ఎక్కడ చిట్లినా మొత్తం బ్రేకులు పోతాయి. అప్పటి బండ్లు చాలావరకు అంతే. ఒక దారి చిట్లినా రెండోది పనిచేసేలా రెండు విడి దారులు ఉండాలన్నది అమెరికాలో కొత్త కార్లకు 1968 నుంచి తప్పనిసరైంది. మేమూ రెండు దారుల మాస్టర్ సిలిండర్ పెట్టాం. గొట్టాలన్నీ, ఈసారి నిజంగానే, మార్చాం. సీటు బెల్టులు బిగించాం. బ్రేకుల్లో ఎయిర్ తీసేటప్పుడు అమ్మాయి పెడల్ మీద, నేను చక్రం దగ్గర. “తొక్కు, పట్టుకో, వదులు.” బుడగలు ఆగి ఆయిలు ఒక్కటే ధారగా వచ్చినప్పుడు తనకి ఆ సిరంజిల కథ చెప్పాను.

అప్పటినుంచి మా గ్యారేజీలో ఒకటే పద్ధతి. కంటికి కనిపించేవి పాతవే ఉంచుతాం. ప్రాణం మీదికి తెచ్చేవి మాత్రం మొహమాటం లేకుండా మారుస్తాం. అందులోనూ కనిపించని పని ముందు, మెరిసే పని తర్వాత.

నిన్న బడంతా తిరిగి చూశాను. స్వర్ణోత్సవానికి ముఖద్వారం కట్టాలని, గోడలకు రంగులు వేయాలని సంఘం అనుకుంటోంది. మంచిదే, నా వంతు చందా నేనూ ఇస్తాను. కానీ సైన్సు ల్యాబు తలుపు తెరిస్తే బల్లల మీద దుమ్ముంది, సింకులో నీళ్ళు రావడం లేదు. ముందు ఆ గొట్టం సంగతి చూద్దాం. అక్కడో పనిబల్ల, నాలుగు స్పానర్లు, రెండు సిరంజిలు పెడదాం. ఆ ఖర్చు మా బ్యాచ్ భరిస్తుంది. ఇక్కడికి వచ్చేముందే మావాళ్ళని అడిగి ఒప్పించాను.

మాస్టారూ, సిరంజిలు నేను తెచ్చాను. మొదటి పాఠం మీరే చెప్పాలి. ఈసారి నోటు నేనే రాస్తాను.

సెలవు.